కాలువ కట్టేశాక పెరడు

దిగువ కృష్ణా డెల్టాలో వేసవి పెరటి సాగు ముందుగా నీటి పొదుపు. ఎండ సంగతి ఆ తర్వాతే. బెజవాడ దగ్గర 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, దాని చోట 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ ఈ ప్రాంతానికి కాలువ నీటిని అలవాటు చేశాయి. కానీ ఆ నీరు ఏడాది పొడవునా పారదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టే ముందు ఊరి మంచినీటి చెరువులు నింపుకోవాలి. మళ్లీ నీరు వదిలేది తొలకరి తర్వాతే. బంటుమిల్లి కాలువ కింది ఊళ్లు శివారు ఆయకట్టు కాబట్టి, వదిలిన నీరు అక్కడికి చేరేసరికి ఇంకొన్నాళ్లు పడుతుంది. పోనీ భూమిలో నీళ్లు తోడుకుందామంటే బంటుమిల్లి, కృత్తివెన్ను, బందరు, అవతల దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు నీరే పడుతుంది. చెరువు నీరు తాగడానికే చాలీ చాలదు. ఇక పెరటికి మిగిలేది వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, మనిషి మోసి తెచ్చిన నాలుగు బిందెలు. ఇక్కడి పెరటి పద్ధతులన్నీ ఈ ఇబ్బందిలోంచి పుట్టినవే. పోసిన చెంబెడు నీరు వేరు దగ్గర ఎంతసేపు నిలుస్తుందన్నదే వాటన్నిటికీ కొలమానం.

ఎండల లెక్క ఈ సీమలో కార్తెలతోనే నడుస్తుంది. ఏప్రిల్ చివర మొదలయ్యే భరణి, మే రెండో వారంలో వచ్చే కృత్తిక, మే 25 ప్రాంతంలో ప్రవేశించే రోహిణి మొక్కకు గడ్డుకాలం. రోళ్లు పగిలే రోహిణి అన్న మాట ఊరికే పుట్టలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మామూలు ఏడాదిలో ఈ తీరానికి సముద్రం కొంత రక్ష. పొద్దున పడమటి గాలి సెగలు కక్కినా, మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి పైరగాలి తిరుగుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు ఆ తిరగడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు తిరగదు. మొక్కలు మాడేది ఆ రోజుల్లోనే.

వేడి మొక్కను రెండు విధాల దెబ్బతీస్తుంది. మొదటిది అందరికీ కనిపించేదే: వేరు పీల్చే నీటి కన్నా ఆకు వదిలే నీరు ఎక్కువై మొక్క వాడుతుంది. రెండోది పూతలో జరుగుతుంది. టమాటాలో పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి 24 డిగ్రీల కిందికి దిగకపోతే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. మే నెలలో బందరు తీరాన రాత్రి 25 డిగ్రీల కిందికి దిగడం అరుదు. మొక్క పచ్చగా, ఏపుగా ఉండి కాయ పట్టడం లేదంటే ఎరువు తక్కువని కాదు, నీళ్లు తక్కువనీ కాదు. అలాంటప్పుడు ఎరువు గుమ్మరించడం దండగ. సొర, బీర పాదుల్లో వేడి ఎక్కువైతే మగపూలు పెరిగి ఆడపూలు తగ్గుతాయి. ఇక్కడి పెద్దవాళ్లు ఈ పాదులను సంక్రాంతి వెనక, మాఘమాసంలోనే పెట్టేయడంలోని తెలివి ఇది. చైత్రం వచ్చేసరికి తీగ పందిరి అల్లుకుని వేరు లోతుకు దిగి ఉంటుంది, మొదటి కాపు ఎండలు ముదరకముందే చేతికొస్తుంది.

పాదు కట్టడం ఈ సాగులో అన్నిటికన్నా ముఖ్యమైన పని. డెల్టా నల్లరేగడి తడిస్తే బంకగా మారుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున బీటలు వారుతుంది. పైన పోసిన నీరు ఆ బీటల్లోంచి వేరుకు అందకుండా కిందికి జారిపోతుంది. అందుకే మొక్క ఉండే చోట మట్టినే మారుస్తారు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంత తీసి వారం రోజులు ఎండబెడతారు. తీసిన గడ్డలను చితక్కొట్టి, అందులో బాగా చివికిన పశువుల ఎరువు, ఎండిన చెరువు అడుగు మట్టి, కొంచెం ఇసుక కలిపి నింపుతారు. అంచు వరకు నింపరు. నాలుగు వేళ్ల మేర తగ్గించి, చుట్టూ చిన్న గట్టు పెడతారు. నీరు అటూ ఇటూ పోకుండా ఆ పళ్లెంలోనే ఇంకాలి. రాత్రంతా నానబెట్టిన సొర గింజలు నాలుగైదు, పక్కవాటుగా బొటనవేలి మొదటి కణుపు లోతున గుచ్చి, మొలక వచ్చేదాకా తాటాకు ముక్క కప్పుతారు. మొలిచాక బలమైనవి రెండు ఉంచి మిగతావి తుంచేస్తారు. పీకితే పక్కవాటి వేరు కదులుతుంది. పాదులో బూడిద పోసే అలవాటు మాత్రం ఈ ప్రాంతానికి సరిపడదు. బూడిద క్షారం, ఇక్కడి నేల ముందే చౌడు వైపు మొగ్గినది. పేనుబంకకు ఆకుల మీద పలచగా చల్లుకోవడం వరకే దాని పని.

వరి కోతలయ్యాక గడ్డివాములు వేసే సీమ ఇది. పాదు మీద కప్పడానికి వరిగడ్డిని మించింది లేదు. మూడు నాలుగు వేళ్ల మందాన పరిస్తే నేలకు ఎండ తగలదు, గాలి తేమను లాక్కుపోదు, కలుపు లేవదు. కాండానికి ఆనుకునేలా మాత్రం పరచకూడదు. బెత్తెడు ఖాళీ వదలకపోతే కుళ్లు పడుతుంది, చెదలూ ఎక్కుతాయి. గడ్డి దొరకని చోట కొబ్బరి పీచు, ఎండిన అరటి దొప్పలు అదే పని చేస్తాయి. కప్పే ముందు పై మట్టిని బొరిగెతో అంగుళం లోతున గుల్ల చేస్తారు. ఇలా చేస్తే బీటలు పూడతాయి, అడుగు తేమ పైకి పాకి ఆవిరయ్యే దారి తెగుతుంది.

ఎప్పుడు తడపాలన్నది తర్వాతి మాట. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదం చెబుతూ గ్రీష్మంలో ఉదయం, సాయంత్రం తడపమన్నాడు. నీరు తక్కువైన చోట రెండు పూటల్లో సాయంత్రానికే విలువ ఎక్కువ. రాత్రంతా ఆ తడి వేరుకు దక్కుతుంది. మధ్యాహ్నం రెండింటికి సొరాకు వేలాడుతుంటే వెంటనే బిందె ఎత్తుకోనక్కర్లేదు. వెడల్పాటి ఆకులు ఎండకు అలా వాలిపోవడం తమను తాము కాచుకోవడమే. పొద్దు వాలాక తేరుకుంటే నేలలో తడి ఉన్నట్టు. తెల్లవారుజామున కూడా తల వాల్చి ఉంటే అప్పుడది దాహం. ఈ ఒక్క తేడా తెలిసిన ఇంట్లో సగం నీరు మిగులుతుంది.

కాస్త ఉప్పదనం ఉన్న నీరే దిక్కైనప్పుడు రోజూ చిలకరించడం ప్రమాదం. చిలకరించిన నీరు పైపైనే ఆవిరై ఉప్పును వేరు దగ్గర వదిలేస్తుంది, ఆకుల అంచులు కాలినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి. రెండు మూడు రోజులకోసారి నిండుగా తడిపితే ఉప్పు కిందికి దిగుతుంది. ఆ నీటిని ఆకుల మీద పోయకూడదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు నేరుగా పాదుకు చేరతాయి. స్నానాల నీరు అరటికీ చేమకూ బచ్చలికీ పారేలా దొడ్డి వాలు కట్టుకోవడం పాత ఇళ్లలో మామూలు. కుంకుడుకాయల రోజుల నాటి ఏర్పాటది. ఇప్పటి బట్టల పొడి కలిసిన నీటిలో సోడియం ఉంటుంది, అది రేగడిని మరింత గట్టిపరుస్తుంది. ఉతుకుడు నీటిని పెరటి దారి మళ్లించకపోవడమే మేలు.

నీటి కరువుకు పాతిన కుండ అసలైన విరుగుడు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు చైనాలో ఫాన్ షెంగ్‌జీ వ్యవసాయ గ్రంథం, కుండను భూమిలో పాతి చుట్టూ పుచ్చపాదులు పెట్టే పద్ధతిని వివరించింది. మన దేశంలో కర్నాల్‌లోని కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ 1970ల్లో దీన్ని పరీక్షించింది. కుండలో పోసింది ఉప్పదనం ఉన్న నీరైనా కూరగాయలు పండించవచ్చని ఆ పని చూపింది. కుండ గోడ చుట్టూ మట్టి ఎప్పుడూ ఒకే తడితో ఉంటుంది కాబట్టి ఉప్పు ఆ తడి అంచుకు తోసుకుపోయి వేరుకు దూరమవుతుంది. కృష్ణా తీరానికి ఇంతకన్నా అతికే పద్ధతి లేదు, అయినా ఇది ఇంకా పదిమంది పెరళ్లకు చేరకపోవడం బాధాకరం. ఏడెనిమిది లీటర్ల కుండను మెడ వరకు పాతి, చుట్టూ జానెడు దూరంలో మూడు నాలుగు మొక్కలు పెట్టి, దోమలు పెరగకుండా మూత వేయాలి. నీరు చెమ్మగా ఊరుతుంది. మొక్క తాగేకొద్దీ ఊట పెరుగుతుంది, నేల తడిగా ఉంటే తగ్గుతుంది. నీళ్లు చల్లబడని పాత కుండను ఈ పనికి పెడతామనుకుంటే ఫలితం ఉండదు. చల్లదనం పోయిందంటే రంధ్రాలు పూడాయని అర్థం, ఇక చెమ్మా ఊరదు. రంగు వేయని కొత్త కుండ కావాలి.

పడమటి గాలికి అడ్డం తాటాకు దడి. గట్టి గోడ కన్నా దడి మంచిది. గోడకు తగిలిన గాలి పైకి లేచి అవతల సుడి తిరుగుతుంది, దడి సందుల్లోంచి వెళ్లే గాలి వేగం మాత్రమే తగ్గుతుంది. ఇటుక గోడ అయితే పగలంతా కాగి రాత్రి సెగ వదులుతుంది కూడా. నీడకు అవిసె, మునగ వాడతారు. రెండూ పలచని నీడ ఇస్తాయి, రెండూ కూరకు పనికొస్తాయి. కోస్తా తమలపాకు తోటల్లో తీగకు ఊతం, నీడ రెండూ ఇచ్చే అవిసెనే పెరటి బావి పక్కన కూడా పెంచేవారు. సొర, బీర పందిరి తానే ఒక నీడ. దాని కింద తోటకూర మళ్లు, పచ్చిమిర్చి నారు, కొత్తిమీర వేసుకోవచ్చు. కొత్తిమీర గింజ వేడి నేలలో సరిగా మొలవదు. ధనియాలను చెప్పు కింద నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి, పందిరి నీడన చల్లితే మొలుస్తుంది. పూతకు రాకముందే కోసుకోవాలి.

వేసవికి పంట ఎంపికే సగం సాగు. తోటకూర, గంగవాయిల కూర ఎండను తట్టుకునే రకం కిరణజన్య సంయోగక్రియ ఉన్న మొక్కలు, ఇతర ఆకుకూరలు డస్సిపోయే వేడిలోనూ పెరుగుతాయి. గోరుచిక్కుడు ఎండకూ ఉప్పుకూ కూడా ఓర్చుకుంటుంది. గోంగూర, బెండ, వంగ, దోస నిలబడతాయి. బెండకు తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులు వేసవిలో ఎక్కువ, ఈనెలు పసుపు రంగుకు తిరిగిన మొక్కను వెంటనే పీకేయాలి. పాలకూర గింజకు పోతుంది. బీన్స్ ఉప్పుకు అసలు తట్టుకోలేదు, ఆ నేలల్లో దాని జోలికి పోకపోవడం మంచిది.

సొర, బీర పూలు పొద్దు వాలాకే విచ్చుకుంటాయి. కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున విప్పారతాయి. అంటే వేడి తీవ్రత లేని వేళనే పరాగసంపర్కం జరుగుతుంది. చుట్టుపక్కల చేపల, రొయ్యల చెరువులు పెరిగి చెట్లూ పువ్వులూ తగ్గిన ఊళ్లలో తేనెటీగలు అంతంతమాత్రమే. అక్కడ సాయంత్రం ఆరు దాటాక విచ్చిన మగపువ్వును కోసి, రేకలు వలిచి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా రాస్తారు. రాసిన పిందెకు దారం కట్టి గుర్తు పెట్టుకుంటారు. పిందె రాలకుండా నిలిచి నాలుగైదు రోజుల్లో బరువెక్కితే కాయ పట్టినట్టే.

బందరు, గుడివాడ పట్టణాల్లో పెరడు మేడ ఎక్కింది. కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోటను తెలుగు ఇళ్లకు దగ్గర చేశాక ఈ ఊళ్లలోనూ అది కుదురుకుంది. మేడ మీద వేడి కింది నుంచి కూడా తగులుతుంది, నల్ల సంచుల్లో వేరు ఉడికిపోతుంది. కుండీలను ఇటుకల మీద ఎత్తి, దగ్గర దగ్గరగా చేర్చి, పడమటి వరుసలో పెద్ద కుండీలు పెట్టి, పైన సగం ఎండ ఆపే ఆకుపచ్చ వల కట్టుకోవాలి. కుండీ లోపలి మట్టి మీద గడ్డి కప్పడం ఇక్కడా తప్పదు.

మృగశిర వచ్చి తొలకరి పడ్డాక పని తిరగబడుతుంది. పైన పేరుకున్న ఉప్పును మొదటి వానలు కడిగేస్తాయి, అందుకని ఆ వాన నీటిని పెరటి బయటికి పారనివ్వకుండా ఒకటి రెండు తడవలు ఇంకనివ్వాలి. తర్వాత మాత్రం గుంతే శత్రువు. రేగడిలో నీరు నిలిస్తే ఎండకు చావని పాదు రెండు రోజుల్లో వేరుకుళ్లుతో పోతుంది. వేసవి పొడుగునా కాపాడిన గట్టును తెగ్గొట్టి, మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసి, పళ్లెంగా ఉన్న పాదును దిబ్బగా మారుస్తారు. విత్తనానికి వదిలిన ముదురు సొరకాయలను, బీరకాయలను ఆ వానలకు ముందే తెంపి, వంటింటి పొగ తగిలేలా దూలానికి వేలాడదీస్తారు.