అన్నా అని పిలవని యాభైమంది

తెలుగువారి చరిత్ర రాసేవారు ఐతరేయ బ్రాహ్మణాన్ని ఒక్క మాట కోసం తలుచుకుంటారు. ఆంధ్ర శబ్దం మొదట కనిపించేది అందులో. శునశ్శేపుడి కథ రెండు వాక్యాల్లో చెప్పి, విశ్వామిత్రుడు శపించిన కొడుకుల సంతతి ఆంధ్ర, పుండ్ర, శబర, పుళింద, మూతిబులని పట్టీ ఇచ్చి, వెంటనే శాతవాహనుల దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ కొడుకులు కాదన్నది దేన్ని? అక్కడ ఆగేవారు తక్కువ. జాతుల పుట్టుక సంగతి అలా ఉంచితే, అది ముందుగా ఒక పెంపుడు కొడుకు కథ.

అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు. హరిశ్చంద్రుడి కొడుకు రోహితుడు, వరుణుడికి తన బదులు బలి ఇవ్వడానికి ఒక కుర్రవాణ్ణి నూరు ఆవులకు అడిగితే, పెద్దవాణ్ణి తండ్రి వదల్లేదు, చిన్నవాణ్ణి తల్లి వదల్లేదు. నడిమివాడు శునశ్శేపుడు మిగిలాడు. యూపానికి కట్టడానికి ఇంకో నూరు, నరకడానికి మరో నూరు పుచ్చుకున్నదీ తండ్రే. దేవతలను స్తుతించి కట్లు విడిపించుకున్న పిల్లవాడు విశ్వామిత్రుడి ఒడిలో కూచున్నాడు. కన్నతండ్రి రమ్మన్నా కదల్లేదు. నా కొడుకులందరిలోకీ పెద్దవాడివి నువ్వే అన్నాడు విశ్వామిత్రుడు.

ఆ మాటకు శునశ్శేపుడు పొంగిపోలేదు. నీ కొడుకులు కూడా ఒప్పుకున్నారనిపించు, అప్పుడు నీ కొడుకునవుతాను అన్నాడు. కథకు కీలకం ఇదేనని నా అభిప్రాయం. ఒక ఇంట్లో పుట్టిన వరుస వల్లే అమ్ముడుపోయినవాడు గనుక, చిక్కు తండ్రి దగ్గర రాదనీ తక్కిన పిల్లల దగ్గర వస్తుందనీ అతనికి తెలుసు. అనుకున్నట్టే అయింది. నూట ఒక్కరిలో మధుచ్ఛందుడి కంటే పెద్దవాళ్ళు యాభైమంది అది బాగాలేదనుకున్నారు. మీ సంతతి అంచుల పాలవుగాక అని తండ్రి శపించాడు. మధుచ్ఛందుడు, అతని తరవాతి యాభైమంది ఒప్పుకున్నారు. కాదంటే శాపం పెట్టే చోట అడిగింది ఒప్పుదల ఎలా అవుతుందో నాకు బోధపడదు.

సంస్కృతంలో భ్రాతృ శబ్దానికి చిన్నా పెద్దా లేదు. జ్యేష్ఠుడనో కనిష్ఠుడనో విశేషణం తగిలించాలి. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. అన్న, లేకపోతే తమ్ముడు. ఇంటికి కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి పిలుపులోనే ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టాలి. తోబుట్టువు అన్న మాట ఉంది గాని, తోడ పుట్టడం అందులోనే ఉంది కాబట్టి అది పెంపుడు బిడ్డకు తలుపు వేసేస్తుంది. అన్న అనే మాట పుట్టుకను అడగదు, వయసును అడుగుతుంది.

సేత్తూరులో నేనెరిగిన ఒక తెలుగు ఇల్లుంది. ఊరు రాజపాళయం నుంచి తెన్కాశి వెళ్ళే దారిలో, పడమటి కనుమల కింద. ఆ ఇంట్లో బడి చదువు తమిళం, వంటింటి మాట తెలుగు. అన్నదమ్ములు ముగ్గురూ కలిసి ఉండేవారు. నడిమి దంపతులు తమిళం మాట్లాడే ఇంటినుంచి ఐదేళ్ళ కుర్రవాణ్ణి తెచ్చుకున్నారు. అన్నా, అక్కా, మామా అతనికి కొత్త మాటలు కావు, తమిళంలోనూ అవే. నాయన ఒక్కటే కొత్త. అదీ త్వరగానే వచ్చింది, అంతకుముందు ఆ మాటకు మరో సొంతదారు లేడు గనుక. చిక్కు అవతలి పిల్లవాడికి వచ్చింది. ఆర్నెల్లు చిన్నవాడు, అప్పటిదాకా ఇంటి పిల్లల్లో అందరికీ అన్న. అవ్వ ఎంత చెప్పినా కొన్ని నెలలపాటు వాడు ఇతణ్ణి వరస పెట్టి పిలవలేదు, పేరు పెట్టీ పిలవలేదు. తెలుగులో సంబోధన లేకుండా రోజంతా మాట్లాడడం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి! చివరికి వీధిలో ఏదో తగాదా వచ్చినప్పుడు, ‘మా అన్నతో చెబుతా’ అన్నాడు. సంబోధన కంటే ప్రథమపురుష ముందు వచ్చింది. అదీ ‘మా’ తోడుగా వచ్చింది. వినేవాణ్ణి బయట ఉంచే సర్వనామం అది. వీధి పిల్లలను బయట పెడితే గాని కొత్తవాడు లోపలికి రాలేదు.

పక్కనే ఉన్న రామనాథపురంలో ఇదే ప్రశ్న కోర్టుకెక్కింది. రాణి పర్వతవర్ధని భర్త పోయాక ముత్తురామలింగ సేతుపతిని దత్తు తీసుకుంటే, మధుర కలెక్టరు అది చెల్లదన్నాడు. ద్రావిడ దేశంలో భర్త అనుమతి లేకున్నా సపిండుల సమ్మతి ఉంటే వితంతువు దత్తత చెల్లుతుందని ప్రీవీ కౌన్సిల్ 1868లో తీర్పిచ్చింది. మగవాడు దత్తు తీసుకుంటే దాయాదుల సమ్మతి అక్కర్లేదు, వితంతువుకే కావాలి. ఆ తేడా న్యాయమని నేననను. 1956 నాటి హిందూ దత్తత చట్టం వచ్చాక దాయాదులను అడగనే అక్కర్లేదు.

శునశ్శేపుడి కథ తరవాతి గ్రంథాల్లో పలచబడింది. వాల్మీకి బాలకాండలో విశ్వామిత్రుడు కొడుకులను అతనికి బదులు బలికి వెళ్ళమంటాడు. చావమంటే కాదన్నవాళ్ళను తప్పు పట్టడం ఎవరి తరమూ కాదు, కాబట్టి వరుస గొడవే అక్కడ లేదు. భాగవతంలో గొడవ ఉంది, కాదన్నవాళ్ళు ఉత్త మ్లేచ్ఛులయ్యారు, ఆంధ్రుల పేరు లేదు. ఐతరేయంలో మాత్రం రెండూ ఉన్నాయి. ఒప్పుకున్న మధుచ్ఛందుడికి చెప్పుకోవడానికి మాట ఇచ్చారు. ఒప్పుకోని యాభైమందికి మాట లేదు, శాపమే ఉంది. నిన్నటిదాకా అన్నలుగా ఉన్నవాళ్ళు ఒక్క మాటతో తమ్ముళ్ళు కావలసివచ్చింది. వాళ్ళవైపు నుంచి చెప్పడానికీ కొంత ఉండే ఉంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ జాతుల పట్టీ పక్కన వాళ్ళు దేనికి కాదన్నారో ఒక వాక్యమైనా చేరిస్తే బాగుండును.