నెల చందా కట్టి ఆడదగిన ఆటయేనా?

వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నా వద్దకు వచ్చి, “మాస్టారూ, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటకు నెలనెలా చందా కట్టవలెనట. మా నాన్నగారు మిమ్మల్ని అడిగి రమ్మన్నారు. కట్టవచ్చునా?” అని అడిగినాడు. వద్దని పంపివేయుట సులభమే. కాని పుస్తకము చదువకుండ దానిని తెగడువానిని మనము విమర్శకుడని అనము గదా! అందుచేత కొంతకాలము ఆడి చూచినాను.

ఈ ఆటను అమెరికాలోని బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసినది. ఆడువాడు వీధినాటకములో వేషము కట్టినట్లు ఒక పాత్రను ధరించి, అజెరాత్ అనే కల్పిత లోకములో సంచరించును. అదే సమయమున ఎక్కడెక్కడివారో వేలమంది అదే లోకములో తిరుగుచుందురు. శత్రువులను జయించినకొలది అంకములు పెరిగి పాత్ర పై స్థాయికి ఎక్కును. 2010 అక్టోబరు నాటికి చందాదారులు 1 కోటి 20 లక్షలు. 2015లో ఆ సంఖ్య 55 లక్షలకు తగ్గినది; ఆపై సంఖ్యలు ప్రకటించుట సంస్థ మానుకొన్నది. అమెరికాలో నెల చందా 14 డాలర్ల 99 సెంట్లుగా మొదలైనది. తండ్రి భయపడినట్లు ఇది పందెము కాదు. 2025లో మన పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము నిషేధించినది డబ్బు పణముగా పెట్టు ఆటలను. పందెము కాని ప్రవేశ రుసుమును కాదు.

ఆటను మెచ్చుకొనువారు చెప్పు లెక్క యొకటి ఉన్నది. నెలకు 60 గంటలు ఆడినచో గంటకు 25 సెంట్లే పడును. 10 గంటలే ఆడినచో ఒకటిన్నర డాలరు పడును. కనుక ఎక్కువ ఆడినవానికే లాభమట! ఇందులో భాగహారము సరిగానే ఉన్నది. భాజకమును ఎన్నుకొనుటయే తప్పు. విద్యార్థి చెల్లించు అసలు మూల్యము ఆ గంటలే. తానిచ్చు మూల్యమునే భాజకముగా పెట్టుకొని, అది పెరిగినకొలది సరకు చౌక అగుచున్నదని సంతోషించుట ఎట్టి గణితమో నాకు బోధపడలేదు.

ఇక గంటలు ఎట్లు పెరుగునో చూతము. ఆటలో కొన్ని అరుదైన వస్తువులున్నవి. ఒక శత్రువును జయించిన ప్రతిసారి అట్టి వస్తువు దొరకు సంభావ్యత నూటికి ఒకటి అనుకొందము. అట్లయిన నూరుసార్లు ప్రయత్నించినవానికి తప్పక దొరకునని విద్యార్థులు పలువురు అనుకొందురు. 0.99ను నూరుసార్లు గుణించి చూడుడు: సుమారు 0.37 వచ్చును. అనగా నూరుసార్లు శ్రమించిన నూరుమందిలో 37 మంది వట్టిచేతులతో మిగులుదురు. మూడు వందలసార్లు శ్రమించినను అయిదుగురు మిగులుదురు. ఇన్నిసార్లు రాలేదు గనుక ఈసారి వచ్చునని మనసు చెప్పును. సంభావ్యతకు మాత్రము జ్ఞాపకశక్తి లేదు. ఎప్పుడు వచ్చునో తెలియని గింజకొరకు పావురము ఎంత పట్టుదలతో మీటను పొడుచునో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞులు 1957లో ప్రచురించిన గ్రంథములో విపులముగా చూపినారు.

ఐతే నిర్మాతలను కేవలము వలపన్నువారనుట న్యాయము కాదు. తయారీ దశలో వారు ఎక్కువసేపు ఆడినవానికి అంకములు సగమునకు తగ్గునట్లు చేసిరి. ఆటగాండ్రకు అది శిక్షగా తోచినది. అంతట సగమును ‘సాధారణము’ అనియు, మొదటి పూర్తి అంకములను ‘విశ్రాంతి వలన రెట్టింపు’ అనియు పేరు మార్చిరి. అందరికి నచ్చినది! సత్రములో పాత్రను నిద్రపుచ్చి బయటకు పోయినవానికి ఈ లాభము చేకూరును. విశ్రాంతిని మెచ్చు ఆట అరుదు. కాని అదే లాభము మరునాడు రమ్మని పిలుచును గూడ.

నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది 2005 సెప్టెంబరులో ఆ లోకములో వ్యాపించిన అంటురోగము. హక్కార్ అనే బలమైన శత్రువు తనతో పోరాడువారికి ‘చెడునెత్తురు’ అంటించునట్లు ఏర్పాటు చేసినారు. ఆ రోగము యుద్ధరంగము దాటకూడదని వారి ఉద్దేశము. కాని వేటగాండ్ర పెంపుడు జంతువులకు అది సోకినది. యజమాని జంతువును పంపివేసి, పట్టణమునకు పోయి తిరిగి పిలువగా, రోగముతోనే వచ్చినది. సంతలో సరకులమ్ము పాత్రలు చావవు. అయినను రోగమును అంటించును. అవి లక్షణములు కనబడని వాహకులైనవి. కింది స్థాయివారు క్షణములలో కూలిరి. కొందరు వైద్యము చేయబూనిరి, కొందరు పల్లెలకు పారిపోయిరి, కొందరు కావలెననియే రోగమును మోసికొనిపోయి పంచిరి. తుదకు నిర్మాతలే కలుగజేసికొని లోకమును సరిచేయవలసి వచ్చినది. లాఫ్‌గ్రెన్, ఫెఫర్‌మన్ అనే పరిశోధకులు 2007లో లాన్సెట్ అంటువ్యాధుల పత్రికలో దీనిని గూర్చి వ్రాసినారు. మామూలు గణిత నమూనాలలో మనుష్యుల తెగువ, భయము, దుర్బుద్ధి ఇమడవు. ఇక్కడ అవి ప్రత్యక్షముగా కనబడినవి. ఆటలో చచ్చినవాడు మరల లేచును గనుక అక్కడి తెగువను యథాతథముగా నమ్మరాదన్నది వేరు మాట. కోవిడ్‌ను చూచిన మన పిల్లలకు జీవశాస్త్ర పాఠములో చెప్పదగిన కథ ఇది.

ఆటలోని సారమంతయు ఇట్టి సాంఘికతలోనే ఉన్నది. మొదటి కాలమున నలుబదిమంది కూడి ఒక శత్రువును ఎదుర్కొనెడివారు. ఒకని పొరపాటుతో అందరు కూలెడివారు. 2011 నుండి 20వ స్థాయి వరకు చందా లేకుండ ఆడనిచ్చుచున్నారు గాని, ఈ సమష్టి యుద్ధముల రుచి అందులో తెలియదు. సందు చివర నిలిచి ఊరంతయు చూచితిననుకొనుట వంటిది అది.

మరియొక మాట. 2023 జనవరిలో ఒప్పందము ముగియుటచే చైనాలో ఈ ఆట ఆగిపోయినది. 2024లో గాని తిరిగి ప్రారంభము కాలేదు. ఏండ్ల తరబడి పెంచుకొన్న పాత్ర తనది కాదని అక్కడివారికి ఆనాడు తెలిసినది. చందా మానినవాని పాత్ర చెరిగిపోదు. కాని తలుపు మూతపడును.

విద్యార్థిని తండ్రితో కూడ పిలిపించి నా అభిప్రాయము చెప్పినాను. బడి జరుగు నెలలలో వద్దు. సెలవులలో ఒక నెల, తెలిసిన మిత్రులతో కలిసి, రోజుకు గంటలు ముందే నిర్ణయించుకొని ఆడవచ్చును. ఆ నెల కాగానే చందా దానంతటది సాగకుండ మొదటిరోజే రద్దు చేయవలెను. అరుదైన వస్తువుల వేట అసలే వద్దు. నిగ్రహము తప్పి, చదువు నిద్ర చెడుచున్నను మానలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలైన పట్టికలో రుగ్మతగా చేర్చినదని తండ్రికి చెప్పినాను. అట్లని ఆడు ప్రతివాడు రోగి కాడనియు చెప్పినాను.

తండ్రి ఒప్పుకొన్నాడు. కుర్రవాడు గుమ్మము దాకా పోయి వెనుదిరిగి, “మాస్టారూ, ఆ 37 మందిలో నేను ఉండనేమో గదా?” అన్నాడు. వానిని మరల కూర్చుండబెట్టి, 0.99 గుణకారము మొదటినుండి చేయించినాను.