గేటు ముందు ఒక మీటరు మట్టి

ఖమ్మంలో ఇంటికి కారు వచ్చిందంటే మర్నాడే మేస్త్రీకి కబురు వెళుతుంది. గేటు వెడల్పు చేయాలి, అడ్డొచ్చే మొక్కలు తీసేయాలి, మెట్ల దాకా టైల్స్ పరవాలి, వీధి కాలవ మీద వాలు కట్టాలి. గ్రానైట్‌కు పేరున్న ఊరు కనుక రాతికి కొదవ లేదు. నాలుగు రోజుల్లో పని ముగుస్తుంది. ఇంటి ముందు మట్టి కూడా అక్కడితో ముగుస్తుంది.

కారు పెట్టుకోవడానికి చోటు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఇరుకు వీధిలో అడ్డంగా నిలిపే కంటే లోపలికి తెచ్చుకోవడమే మేలు. అయితే ఆ దారిని చట్టం ఒప్పేలా, నేల బతికేలా వెడల్పు చేసే పద్ధతి ఉంది. తెలిసిన మేస్త్రీలూ ఉన్నారు, అడిగేవాళ్లే తక్కువ.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 భవన నిబంధనల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. 300 చదరపు మీటర్లు, అంటే దాదాపు 360 గజాలు దాటిన ప్లాటులో, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) లోపలే ప్రహరీ వెంట కనీసం మీటరు వెడల్పున పచ్చదనం పెంచాలి. 750 చదరపు మీటర్లు దాటితే స్థలంలో ఇంకో 5 శాతం చెట్లకు వదలాలి. వదలకపోతే, ఆ లోటు తీరేదాకా ఏటా ఆస్తి పన్నుకు 10 శాతం అదనం కట్టాలి. కట్టడానికి అనుమతి తీసుకునేటప్పుడు ప్లానులో ఈ పచ్చపట్టీ గీసే ఉంటుంది. ఇల్లు పూర్తయి గృహప్రవేశం జరిగాక అది కాగితం మీదే మిగిలిపోతుంది.

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం తర్వాత ఈ గీతకు విలువ ఇంకా పెరిగింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. నిబంధనలు పాటిస్తానని రాసిచ్చింది ఆయనే. తర్వాత ఆ పట్టీ మీద కాంక్రీటు పోయిస్తే తప్పేది కూడా ఆయన మాటే. ఈ వ్యవహారంలో జరిమానా కంటే ఇదే బరువైన విషయం.

ఇక పని సంగతి. కారు నేలనంతా తొక్కదు, రెండు గీతల మీదే నడుస్తుంది. మామూలు కారుకు కుడి ఎడమ చక్రాల నడుమ దూరం సుమారు 5 అడుగులు. కాబట్టి రెండేసి అడుగుల వెడల్పున రెండు పట్టాలు పోసి, మధ్యలో 3 అడుగులు మట్టి వదిలేస్తే చాలు. లెక్క చూడండి: 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు దారంతా కాంక్రీటు చేస్తే 15 చదరపు మీటర్ల నేల మూసుకుపోతుంది. రెండు పట్టాలకైతే 6 చదరపు మీటర్లు చాలు. మిగిలిన 9 చదరపు మీటర్ల మీద ఒక సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడితే, 450 లీటర్లు కాలవకు పోకుండా అక్కడే ఇంకే వీలుంటుంది. సిమెంటు, కంకర ఖర్చూ తగ్గుతుంది.

పట్టాల కింద కంకర పరిచి దిమ్మిసా గట్టిగా కొట్టించాలి, లేకపోతే చక్రం బరువుకు మొదటి వానాకాలంలోనే కుంగుతాయి. మేస్త్రీ పనితనమంతా నీటివాలులో తెలుస్తుంది. అలవాటుగా అందరూ వాలును వీధి వైపే పెడతారు. కొద్దిగా పక్కకు, మట్టి పట్టీ వైపో ఇంకుడు గుంత వైపో తిప్పడానికి లెవెల్ గొట్టం, అరగంట ఓపిక సరిపోతాయి. మధ్య మట్టిలో గడ్డి వేయొచ్చు. పట్టాలు ఇష్టం లేనివాళ్లకు బొరియలున్న పేవర్ బ్లాకులు దొరుకుతాయి, వాటి సందుల్లో గరిక పెరుగుతుంది.

గేటు బయట స్థలం మాత్రం ఇంటివాళ్లది కాదు. కాలవ మీద పోసే స్లాబూ, రోడ్డు మీదికి దిగే ర్యాంపూ ఎంత అందంగా ఉన్నా ఆక్రమణే. కాలవలో పూడిక తీసే కార్మికుడికి అక్కడ పార దిగదు. దాటడానికి బండ తప్పదనుకుంటే కార్పొరేషన్‌ను అడిగి, ఎత్తి పక్కన పెట్టగలిగేది వేసుకోవడం న్యాయం.

దారిలో చెట్టు అడ్డం వస్తే? 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, జనం నోట వాల్టా, సొంత స్థలంలోనివైనా చాలా రకాల చెట్లను అనుమతి లేకుండా కొట్టనివ్వదు. వనజీవి రామయ్య ఈ జిల్లా మనిషి. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి ఆయన ఊరు. కోటికి పైగా మొక్కలు నాటిన మనిషిగా 2017లో పద్మశ్రీ అందుకుని, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన సైకిల్ మీద విత్తనాలు చల్లుకుంటూ తిరిగిన ఊళ్ల పక్కనే, కారు మలుపు తిరగడం లేదని కాసే జామచెట్టును తీసేయడం చూస్తే మనసు కలుక్కుమంటుంది. గేటును రెండు అడుగులు పక్కకు జరిపితే చాలాచోట్ల చెట్టు దక్కుతుంది.

ఖమ్మం నుంచి పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి దగ్గరవుతుంది, ఇళ్ల ముందు నేల కూడా మారుతుంది. కోయ గూడేల్లో దడి లోపల అలికిన మట్టి వాకిలి, దాని అంచున ఓ చెట్టు. అక్కడ వాన ఇంటి ముందే ఇంకుతుంది. భద్రాచలం పట్టణంలో మాత్రం ఇప్పుడు వాకిళ్ల మీద సిమెంటు పరుచుకుంటోంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. భద్రాచలంలో గోదావరి 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు తాకింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు వాగు ఖమ్మం కాలనీలను ముంచింది. ఆ వరదలను ఇంటి ముందు మట్టి పట్టీ ఆపగలిగేది కాదు. నీళ్లు ఎక్కడో ఎగువ నుంచి వచ్చాయి. కానీ మామూలు వానకే వీధి మోకాలి లోతు కావడం, వేసవిలో బోరు ఎండటం మన గేట్ల దగ్గర మొదలయ్యేవే.

ఇలాంటి గచ్చుకు వేరే దేశాల్లో హద్దు ఉంది. ఇంగ్లండులో 2008 అక్టోబరు నుంచి, ఇంటి ముందు 5 చదరపు మీటర్లకు మించి నీరింకని గచ్చు వేయాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి. నీరింకే పద్ధతిలో వేస్తే అక్కర్లేదు. తెలుగువాళ్లు బాగా స్థిరపడిన అమెరికా ఆస్టిన్‌లో ఎస్ఎఫ్-3 అనే నివాస జోన్ ప్లాటులో ఇల్లూ దారీ అన్నీ కలిపి నీరింకని భాగం 45 శాతం దాటకూడదు. ఆ నిబంధనలు చిన్న స్థలాలనూ పట్టించుకుంటాయి. మన మీటరు నిబంధన 360 గజాల పైనే మొదలవుతుంది. ఖమ్మంలో 150, 200 గజాల ఇళ్లు వీధుల నిండా ఉన్నాయి, నేల ఎక్కువగా మూసుకుపోతున్నదీ అక్కడే. ఆ ఇళ్లకు మీటరు అడగడం అన్యాయమే కానీ, చక్రాల పట్టాల పద్ధతిని అడగొచ్చు. కార్పొరేషన్ అనుమతి పత్రంతో పాటు ఆ పట్టాల కొలతలు, నీటివాలు చూపించే ఒక బొమ్మను ఇస్తే మేస్త్రీ చేతికి నేరుగా అందుతుంది. 10 శాతం అదనపు పన్నును పెద్ద ప్లాట్ల వాళ్ల దగ్గర నిజంగా వసూలు చేస్తే, ఆ బొమ్మలు అచ్చువేయడానికి డబ్బు వెతుక్కోనక్కర్లేదు.