ఎండిన మట్ట

తల్లాడలో మా గుమ్మం మీద ఏడాది పొడుగునా ఒక ఈత మట్ట ఉంటుంది. మట్టల ఆదివారం నాడు చేతబట్టి పాడుకుంటూ ఊరేగిన మట్టే. విభూది బుధవారం దగ్గర పడగానే దాన్ని దించి గుడికిస్తాం. కొన్నేళ్లుగా వాటిని కాల్చే పని నాది. సరిగా ఎండకపోతే పొగే తప్ప మంట రాదు. సగం కాలిన ఈనెలు ఏరేసి, నూరి, పల్చటి గుడ్డలో జల్లిస్తే బుట్టెడు మట్టలకు గుప్పెడు నల్లపొడి మిగులుతుంది. నిరుటి జేజేలే ఈ ఏటి బూడిద.

ఫాదర్ ఆ పొడితో నుదుట సిలువ గీసి, మట్టిలో పుట్టి మట్టిలో కలిసేవాళ్లమని గుర్తుచేస్తారు. అవి మిరప కోతల రోజులు. పొద్దున్నే పూజ చూసుకుని తోటలకు పోయినవాళ్ల నుదుళ్లు మధ్యాహ్నానికే చెమటకు శుభ్రమైపోతాయి. మిగిలేది ఉపవాసమే. ఈస్టర్ దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40.

మా పెదనాన్న వాళ్లది సీఎస్‌ఐ. వాళ్లకది భస్మ బుధవారం. బూడిద పెట్టుకోరు, ఆ రాత్రి నుంచే ఇళ్లలో శ్రమల దినాల కూడికలు మొదలుపెడతారు. మాకు తెలిసిన బ్రదరెన్ కుటుంబం ఈ కాలాన్నే పాటించదు, పశ్చాత్తాపానికి తేదీ ఏమిటంటారు. కేరళ సీరో మలబార్ వాళ్లకు విభూది సోమవారమే వస్తుంది. తూర్పు ఆర్థడాక్స్ వాళ్లకు బూడిద లేదు. ఉపవాసం మొదలయ్యే ముందు ఆదివారం సాయంత్రం గుడిలో ఒకరి ముందు ఒకరు వంగి క్షమించమని అడుగుతారు.

ఆ ఆచారం సంగతి తెలిసిన ఏడాది నాకు నిద్ర పట్టలేదు. పొలం గట్టు తగాదాతో పెదనాన్న కోడలితో మాటల్లేక రెండేళ్లు. రెండేళ్లూ బూడిద పెట్టుకున్నాను, వాళ్ల గడప తొక్కలేదు. ఆ బుధవారం పూజకు పోకముందే వెళ్లాను.

"వదినా, తప్పు నాది."

వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పీట వాల్చింది. "ఇయ్యాల నీకు ఉపాసం గదా. తినకున్నా, కూసోనన్నా కూసో."

మరుసటి ఏడు మట్టలు పోగేస్తుంటే తనే వచ్చింది. వాళ్ల గుమ్మం మీది మట్ట తెచ్చి నా బుట్టలో వేసింది. ఆ బుధవారం నా నుదుట పెట్టిన బూడిదలో వాళ్లింటి మట్ట కూడా ఉంది.