సహాయమునకు కొలబద్ద ఏది?

ఉష్ణమాపకము వస్తువు యొక్క ఉష్ణోగ్రతను మాత్రమే తెలుపును. అందులో ఎంత ఉష్ణమున్నదో తెలుపదు. చెంబులోని నీటికిని, చెరువులోని నీటికిని ఒకే అంకె రావచ్చును. ప్రజనన ఆరోగ్యమునకై వచ్చిన అంతర్జాతీయ సహాయమును బేరీజు వేయునపుడు ఇట్టి భేదమే తరచు మరుగున పడినది. ఎన్ని శస్త్రచికిత్సలు జరిగినవి, జననములు ఎంత తగ్గినవి అను అంకెలే ఆరోగ్యముగా భావింపబడినవి.

మన దేశము 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టినది. ప్రపంచ బ్యాంకు, స్వీడన్ ప్రభుత్వము తోడ్పడిన తొలి జనాభా ప్రాజెక్టు 1973లో మొదలైనది. లక్ష్యము పెట్టి లెక్క చూచు పద్ధతి ఎంత దూరము పోగలదో 1976-77 తెలిపినది. ఆ ఒక్క సంవత్సరమున 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. వానిలో అనేకము నిర్బంధముతో జరిగినవే. 1994లో కైరో నగరమున సమావేశమైన దేశములు కొలబద్దను మార్చినవి. స్త్రీ ఆరోగ్యమునకు, ఆమె ఇష్టమునకు అగ్రస్థాన మిచ్చినవి. వ్యయములో మూడవ వంతు దాత దేశముల నుండి రావలెనని అంచనా వేసినవి. 1996లో భారత ప్రభుత్వము గర్భనిరోధ పద్ధతుల వారీ లక్ష్యములను విడిచిపెట్టినది.

హైదరాబాదులో సాగిన ఎనిమిదవ జనాభా ప్రాజెక్టు ఈ మార్పుల కాలమునకు చెందినదే. ప్రపంచ బ్యాంకు రుణముతో మురికివాడల చెంత ఆరోగ్య కేంద్రములు వెలసినవి. ఆ వాడల స్త్రీలనే వాలంటీర్లుగా ఎన్నుకొని ఇంటికిని, ఆసుపత్రికిని నడుమ నిలిపిరి. ఇది మెచ్చదగిన పని. కాని అది నగరమునకై గీచిన పథకము. నాడు కొంపల్లి మేడ్చల్ దారిలోని ఒక గ్రామపంచాయతి. 2018లో అది పురపాలక సంఘమగు నాటికి పొలములలో భవనములు లేచినవి. వానిని కట్టుటకు దూర ప్రాంతముల నుండి కూలి కుటుంబములు వచ్చినవి. ఒక కట్టడము ముగియగానే మరియొక చోటికి తరలిపోవు తల్లికి, ఒక వాడనే కనిపెట్టుకొని యుండు కేంద్రము చాలదు.

ఇక ఫలితములు చూడవలెను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ఒక్కొక్క స్త్రీకి సగటున 1.8 మంది బిడ్డలు. జనాభా స్థిరముగా నుండుటకు కావలసిన 2.1 కన్న ఇది తక్కువ. పాత కొలబద్ద ప్రకారము ఇది సంపూర్ణ విజయము. అయితే అదే సర్వేలో నూటికి 57 మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నది. కాన్పులలో నూటికి 60 శస్త్రచికిత్సతోనే జరిగినవి. వివాహితలలో నూటికి 60 మందికి పైగా ట్యూబెక్టమీ చేయించుకొనగా, పురుషుల వేసక్టమీ నూటికి రెండు మాత్రమే. అంకె తగ్గినది, భారము మాత్రము స్త్రీ మీదనే నిలిచినది.

శిబిరములు పెట్టి స్త్రీలకు శస్త్రచికిత్సలు చేయు పద్ధతిని మూడేండ్లలో మానవలెనని 2016లో సుప్రీంకోర్టు చెప్పినది. అయినను 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నములో ఒకే దినమున 34 మందికి శస్త్రచికిత్స చేయగా నలుగురు స్త్రీలు మరణించిరి. దీనికి విదేశ ధనము కారణమని చెప్పుట అన్యాయము. సంఖ్యను పనికి ప్రమాణముగా చేసికొన్న చిరకాలపు అలవాటును మాత్రము ఇందులో గుర్తింపక తప్పదు.

సహాయము శాశ్వతము కాదు. 2025లో అమెరికా తన సహాయ సంస్థను మూసివేయగా అనేక దేశములలో ఈ సేవలు కుంటువడినవి. మన కార్యక్రమము చాలవరకు స్వంత ధనముతోనే నడచుచున్నది గావున, కొలబద్దను ఎన్నుకొను బాధ్యతయు మనదే. కొంపల్లి వంటి చోట ఆరోగ్య కేంద్రమునకు స్త్రీ వచ్చిన దినమున ఎన్ని పద్ధతులు ఆమెకు అందుబాటులో నున్నవి? 2017లో ప్రభుత్వము ప్రవేశపెట్టిన అంతర సూది, ఛాయ మాత్రలు ఆమెకు వివరింపబడినవా? ఆమె భర్తతో ఎవరైన మాటలాడిరా? రక్తహీనత తగ్గినదా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములను లెక్కించిననాడే సహాయము ఆరోగ్యమైనదో, కాలేదో తెలియును.