శ్రీహరికోటను ఎక్కడ కూర్చోబెట్టాలి?

"శ్రీహరికోట రాకెట్ ప్రయోగానికి సిద్ధమైంది", "శ్రీహరికోటకు ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం". మొదటి వాక్యంలో ఉన్నది అంతరిక్ష కేంద్రం, రెండోదాంట్లో దీవి. మనం ఆగకుండా చదివేస్తాం. ఈ తేడా కంప్యూటరుకు తెలియాలంటే మాటల వెనక ఒక చట్రం కట్టాలి.

అలాంటి చట్రమే వర్డ్‌నెట్. 1985లో ప్రిన్స్‌టన్‌లో జార్జ్ మిల్లర్ బృందం ఇంగ్లిషుకు మొదలుపెట్టింది. మన దగ్గర ఐఐటీ బొంబాయి హిందీ వర్డ్‌నెట్ ఆధారంగా ఇండోవర్డ్‌నెట్ పెరిగింది. అందులో తెలుగూ ఉంది.

నిఘంటువుకు మాట ముఖ్యం, దీనికి అర్థం ముఖ్యం. సముద్రం, సాగరం, కడలి ఒకే గుంపు. ఆ గుంపుకో నంబరు, ఒక వివరణ, ఒక ఉదాహరణ వాక్యం. ఆ అర్థానికి హిందీలోనూ అదే నంబరు. ప్రతి గుంపూ పైనున్న ఆంటాలజీలో, అంటే లోకంలోని వస్తువుల వర్గీకరణలో, ఏదో ఒక చోట చేరుతుంది.

అసలు నేర్పు గుంపుల మధ్య గీసే గీతల్లో ఉంది. నాటుపడవ పడవలో ఒక రకం. చుక్కాని పడవలో ఒక భాగం. పడవ నీటిమీద తేలుతుందంటే నాటుపడవా తేలుతుందని కంప్యూటరు తేల్చుకోవచ్చు. చుక్కాని గురించి అలా తేల్చుకోకూడదు. అందుకే రెండూ వేరు గీతలు. శ్రీహరికోట దీవుల్లో ఒక రకం కాదు, ఒకానొక దీవి. దానికి ఇంకో గీత. 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టిన కేంద్రం, మనం షార్ అనేది, సంస్థల కిందికి వెళ్తుంది. రాకెట్ ఎగిరేది దీవి మీంచే కదా అంటారా? కేంద్రం దీవిలో ఉందని చెప్పే గీత ఉన్నది అందుకే.

ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహంలో మాటలను దేవ, మానవ, స్థావర, తిర్యక్ వర్గాలుగా పేర్చి, పలు అర్థాల మాటలకు నానార్థ వర్గం విడిగా పెట్టాడు.

హిందీ చట్రం వల్ల పని త్వరగా సాగుతుంది, నిజమే. కానీ మేనమామ కూతురూ, భార్య చెల్లెలూ, తమ్ముడి భార్యా మనకు మరదలే. ముగ్గురికీ కలిపి అక్కడ ఒకే గది దొరకదు. తెలుగుకంటూ కొత్త గదులు కట్టక తప్పదు.

పులికాట్ జాలర్ల వలల పేర్లు, పడవ భాగాల పేర్లు ఇందులోకి ఎక్కాలంటే ముందు రేవుకు వెళ్లి అడగాలి. 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం కోసం భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల మాటలను అలాగే సేకరింపజేశారు. భాషాశాస్త్రం చదివే పిల్లలు ఈ పనికి పూనుకోవాలి.