‘రోగనిరోధక శక్తి’ అన్న మాట: తెలుగు కోవిడ్ వైద్యరచనపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

2020 నుండి తెలుగులో వెలువడిన కోవిడ్ రచనలలో తరచుగా కనిపించేది యుద్ధరూపకం. వైరస్ శత్రువు, శరీరం కోట, రోగనిరోధక శక్తి సైన్యం. సామాన్య పాఠకునికి విషయాన్ని త్వరగా అందించడంలో ఈ రూపకం సఫలమైంది. వ్యాధి తీవ్రదశను వివరించడంలో మాత్రం విఫలమైంది. ఆ వైఫల్యాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాధిక్రమం – రూపకం పరిమితి

వైరస్ తన స్పైక్ ప్రోటీన్ సాయంతో కణాలపై ఉండే ఏసీఈ2 గ్రాహకాలకు అతుక్కొని లోపలికి ప్రవేశిస్తుంది, అక్కడ వృద్ధి చెందుతుంది. ఇంతవరకు యుద్ధరూపకం సరిపోతుంది. చాలామందిలో వ్యాధి ఈ దశలోనే తగ్గిపోతుంది. కొందరిలో సుమారు వారం తరువాత రోగనిరోధక స్పందన అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రక్తనాళాలలో గడ్డలు ఏర్పడవచ్చు. అంటే హాని చేస్తున్నది శత్రువు మాత్రమే కాదు, సైన్యం కూడా.

చికిత్స – కాలనియమం

బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన ఫలితాలు 2020 జూన్‌లో వెలువడ్డాయి. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలను సుమారు మూడోవంతు, ఆక్సిజన్ మాత్రమే అందుకొంటున్నవారిలో సుమారు ఐదోవంతు తగ్గించింది. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలు కనిపించలేదు. ఈ మందు రోగనిరోధక స్పందనను అణచివేస్తుంది. ‘శక్తిని పెంచుకోండి’ అన్న ప్రబోధానికి అలవాటుపడిన పాఠకునికి, దానిని తగ్గించే మందు ప్రాణం నిలపడం వైరుధ్యంగా తోస్తుంది. ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడరాదు అన్న వివేచనకు ఆ రూపకంలో చోటు లేదు. స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి. మధుమేహం అదుపులో లేనివారిలో వాటి విచ్చలవిడి వాడకం బ్లాక్ ఫంగస్ ముప్పును పెంచింది. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యాధిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది. ఈ పరిణామానికి భాషే కారణమనడం అతిశయోక్తి. అయినా ప్రజలను హెచ్చరించవలసిన సమయంలో మన మాట అందుకు తోడ్పడలేదు.

పదవిచారం

‘శక్తి’ అన్నది పరిమాణసూచకం; ఎంత ఎక్కువైతే అంత మేలని స్ఫురింపజేస్తుంది. టీకాల సందర్భంలో ఈ మాట కొంతవరకు పొసగుతుంది. తీవ్రవ్యాధిని వివరించేటప్పుడు మాత్రం ‘రోగనిరోధక స్పందన’ అనడం సమంజసం. స్పందన తగినంత ఉండవచ్చు, మితిమీరవచ్చు, దారి తప్పవచ్చు. ఈ మూడు అవస్థలనూ ఆ మాట ఇముడ్చుకోగలదు.

ముగింపు

శాస్త్రరచనలో పారిభాషికపదం కేవలం పేరు కాదు, అవగాహనకు తొలిమెట్టు. మరో మహమ్మారి రాకముందే పాఠ్యపుస్తకాలలో, పత్రికారచనలో ఈ మార్పు జరగవలసి ఉంది.